మొరాయించే ఇంజను

చిత్తూరు సీమ పల్లెలలో కోడికూతతో పాటు వినిపించే చప్పుడు మరొకటి ఉంది. అది పికప్ బండి ఇంజను మేల్కొనే చప్పుడు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు పరిసరాలలోని టమాటాలు, పూలు, పాలు, పట్టుగూళ్ళు పట్టణాలకు చేరేది చాలావరకు ఈ చిన్న వాహనాల మీదనే. వాటిలో పదిహేను, ఇరవై ఏండ్ల వయసు దాటిన బండ్లు నేటికీ కనబడతాయి. కొత్తబండి కొనే స్తోమత లేని చిన్న రైతుకు, సొంతబండి తోలుకొని బ్రతికే డ్రైవరుకు ఆ పాతబండే ఇంటికి సంపాదించి పెట్టే పెద్దకొడుకు.

అటువంటి బండి ధనుర్మాసపు వేకువన తాళం తిప్పగానే పలకదు. సెల్ఫ్ మోటారు మూలుగుతుంది. నిమిషాలు గడుస్తాయి. వెనుక తొట్టిలో క్రేట్లనిండా టమాటాలు ఉంటాయి. మదనపల్లె మార్కెట్టు దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. 2023 జూలై చివర అక్కడ మేలురకం టమాటా కిలో ధర దాదాపు 200 రూపాయలకు ఎగబాకింది. అదే పంటను కోతకూలి కూడా గిట్టక రైతులు దారి పక్కన పారబోసిన కాలాలూ ఉన్నాయి. ఇంత చంచలమైన ధరగల సరుకు వేలంపాటకు వేళదాటి చేరితే నష్టపోయేది బండి యజమాని ఒక్కడే కాదు. ఆ క్రేట్లు నింపిన ప్రతి రైతూ నష్టపోతాడు.

అందువల్లనే పాతబండి కలవారు రాత్రిపూట దానిని ఒక మిట్టమీద, ముందుభాగం పల్లానికి ఉండేలా నిలుపుతారు. ఉదయాన బండిని వాలులో దొర్లించి, రెండవ గేరు వేసి క్లచ్చి వదిలితే ఇంజను అందుకుంటుంది. ఈ ఉపాయంతో ఆ పూట గడుస్తుంది గాని, రోగం అలాగే ఉంటుంది. కొన్నాళ్ళకు యజమాని విసిగి మొదట బ్యాటరీ మారుస్తాడు. గుణం కనబడదు. తరువాత సెల్ఫ్ మోటారు విప్పిస్తాడు. ఆపైన డీజిల్ పంపు దించుతారు. వేలకు వేలు ఖర్చయినా మరునాటి వేకువన మళ్ళీ అదే మూలుగు వినిపిస్తుంది. దీనికి కారణం మెకానిక్కుల మోసమని అనుకోవడం తొందరపాటు. ‘బండి ఆలస్యంగా స్టార్టవుతోంది’ అనే ఒకే ఫిర్యాదు కింద పూర్తిగా వేరైన రెండు రోగాలు దాగి ఉంటాయి. వాటిని విడదీయకుండా చేసిన వైద్యం చీకటిలో విసిరిన రాయి వంటిది.

ఆ రెండింటినీ విడదీయాలంటే డీజిల్ ఇంజను నిప్పు ఎలా పుట్టించుకుంటుందో తెలియాలి. పెట్రోలు ఇంజనులో వలె ఇందులో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండరులోని గాలిని పిస్టను పైకి నొక్కి ఇరుకు చోటులో బంధిస్తుంది. నొక్కుడు వలన గాలి వేడెక్కుతుంది. సైకిలు చక్రానికి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం అందరికీ అనుభవమే. ఆ వేడిగాలిలోకి డీజిలును సన్నని తుంపరగా చిమ్మితే అది తనంతట తానే అంటుకుంటుంది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదివే స్థిరోష్ణక ప్రక్రియ ఇదే. 30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఉన్న గాలిని దాని ఘనపరిమాణంలో 18వ వంతుకు కుదించినప్పుడు, వేడి ఏమాత్రం బయటికి పోలేదనుకుంటే, ఉష్ణోగ్రత దాదాపు 690 డిగ్రీలకు చేరుతుంది. డీజిల్ అంటుకొనడానికి అందులో సగమైనా అక్కరలేదు.

అయితే అది కాగితం మీది లెక్క. రాత్రంతా మంచులో నిలిచిన ఇంజనులో సిలిండరు గోడలు చల్లగా ఉండి వేడిని పీల్చివేస్తాయి. అరిగిన పిస్టను రింగుల సందులలో నుండి గాలి జారిపోతుంది. ఈ రెండు దొంగతనాలకూ కావలసింది సమయం. పిస్టను ఎంత నిదానంగా పైకి వెళితే దొంగలకు అంత వ్యవధి దొరుకుతుంది. చివరకు మిగిలిన వేడి డీజిలును అంటించడానికి చాలీచాలని స్థితికి వస్తుంది. ఒకప్పుడు బావుల దగ్గర ఆయిల్ ఇంజన్లను చేతి హ్యాండిలుతో తిప్పిన రైతులకు ఈ సంగతి సిద్ధాంతం లేకుండానే తెలుసు. వారు మొదట ఒక మీటను ఎత్తి సిలిండరులో ఒత్తిడి లేకుండా చేసి, చక్రాన్ని గిరగిర తిప్పి, అది ఊపు అందుకున్న తరువాతనే మీటను వదిలేవారు.

ఈ యంత్రానికి మూలపురుషుడైన రుడాల్ఫ్ డీజిల్ జర్మన్ ఇంజనీరు. తన సిద్ధాంతాన్ని 1893లో పుస్తకంగా ప్రకటించి, ఔగ్స్‌బర్గ్ నగరంలోని కర్మాగారంలో నాలుగేండ్లు శ్రమించి, 1897లో పరీక్షకు నిలిచే ఇంజనును సాధించాడు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగనూనెతో నడిపి చూపారు. వేరుశనగను నమ్ముకొని బ్రతికిన రాయలసీమ వాసులకు ఈ ముచ్చట వింతగానూ, ఇష్టంగానూ ఉంటుంది.

ఇక రోగ నిర్ణయం. దానికి మొదటి పరికరం చెవి. బండి న్యూట్రల్‌లో ఉన్నదని, హ్యాండు బ్రేకు పడిందని చూసుకొని తాళం తిప్పి వినాలి. సెల్ఫ్ మోటారు ఇంజనును బరువుగా, మూలుగుతూ, ఒక్కొక్క పిస్టను దగ్గర ఆగి ఆగి తిప్పుతుంటే అది మొదటి రకం. అక్కడ చూడవలసింది విద్యుత్తును. అలాకాక ఇంజను గిరగిర చురుకుగా తిరుగుతూ కూడా అందుకోకపోతే అది రెండవ రకం. అక్కడ చూడవలసింది డీజిలును, గాలిని, వేడిని. మొదటి రకం బండికి పంపు దించడం, రెండవ రకం బండికి బ్యాటరీ మార్చడం డబ్బు దండగ.

మొదటి రకంలో అందరి చూపూ బ్యాటరీ మీద పడడం సహజం. బ్యాటరీలతో ఈ ప్రాంతానికి దగ్గర సంబంధమే ఉంది. 1985లో గల్లా రామచంద్రనాయుడు స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి చెంతనున్న కరకంబాడిలో బ్యాటరీల కర్మాగారాన్ని నెలకొల్పింది. 2000లో వాహనాల బ్యాటరీలను అమరాన్ పేరిట విడుదల చేసింది. ఎవరు తయారు చేసినదైనా సీసపు బ్యాటరీకి శత్రువు వేడి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే లోపలి రసాయనిక చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. పలకలు త్వరగా చివికిపోతాయి, నీరు త్వరగా ఆవిరవుతుంది. తిరుపతిలో 40 డిగ్రీలు దాటే వైశాఖ, జ్యేష్ఠ మాసాలలో బానెట్టు కింద ఉడికిన బ్యాటరీ అప్పుడు ఏమీ చెప్పదు. వేడి ఇంజనును తిప్పడానికి అంత బలం అవసరం లేదు కనుక దాని నీరసం బయటపడదు. మార్గశిరంలో చలికి ఇంజను ఆయిలు చిక్కబడి, బ్యాటరీ శక్తి కూడా కొంత కుంచించుకుపోయినప్పుడు బండి మొరాయిస్తుంది. యజమాని చలిని తిడతాడు. తెగులు పట్టింది మాత్రం ఎండకాలంలోనే.

బ్యాటరీని అనుమానించడానికి ముందు కొలవాలి. కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటరు ఇందుకు చాలు. బండి కొన్ని గంటలు కదలకుండా ఉన్న తరువాత బ్యాటరీ కొనల మధ్య 12.6 వోల్టులు ఉంటే అది నిండుగా ఉన్నట్లు. 12.2 ఉంటే ఇంచుమించు సగమే ఉన్నట్లు. ఇంజను తిరుగుతున్నప్పుడు ఆ అంకె 9.6 కంటే దిగజారితే బ్యాటరీ నీరసించిందనో, సెల్ఫ్ మోటారు మితిమీరి విద్యుత్తును లాగుతున్నదనో అనుకోవాలి. ఇంజను స్టార్టయిన తరువాత 14 వోల్టుల సమీపంలో ఉంటే డైనమో తన పని తాను చేస్తున్నట్లే.

ఇక్కడ చాలామంది ఒక మెట్టు దాటవేస్తారు. బ్యాటరీ బాగుంది, సెల్ఫ్ బాగుంది, అయినా ఇంజను మూలుగుతుంది. దోషం ఆ రెండింటిలో కాక వాటి నడుమ ఉంటుంది. సెల్ఫ్ మోటారు ఇంజనును తిప్పేటప్పుడు 200 ఆంపియర్లకు పైగా విద్యుత్తును తీసుకుంటుంది. దారిలో ఓమ్‌లో నూరవ వంతు నిరోధం ఉన్నా, ఓమ్ నియమం ప్రకారం 2 వోల్టులు అక్కడే ఖర్చవుతాయి. ఆ నూరవ వంతు నిరోధానికి బ్యాటరీ కొనమీద పేరుకున్న తెల్లని పూత చాలు. సగం పోగులు తెగిన కేబులు చాలు. ఈ దోషం కంటికి కనబడకపోవచ్చు, మామూలు టెస్టు బల్బుకు దొరకకపోవచ్చు. బల్బు తీసుకునే కొద్దిపాటి విద్యుత్తుకు ఆ దారి చాలినంత వెడల్పుగానే ఉంటుంది. కాబట్టి భారం పడినప్పుడే కొలవాలి. మల్టీమీటరు ఒక తీగను బ్యాటరీ నెగటివ్ కొనమీద, రెండవదానిని ఇంజను దిమ్మెమీద ఉంచి, మరొకరిని తాళం తిప్పమనాలి. 0.3 వోల్టులు మించి చూపితే ఎర్తు దారిలో లోపమున్నట్లే. పాజిటివ్ వైపు కూడా బ్యాటరీ కొన నుండి సెల్ఫ్ బోల్టు వరకు ఇలాగే చూడాలి.

పాత పికప్‌లలో ఎర్తు పట్టీ తరచుగా మరుపునకు గురయ్యే భాగం. ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చుని ఉంటుంది కనుక, దానికీ ఛాసిస్‌కూ విద్యుత్తు రాకపోకలు ఆ అల్లిన పట్టీ గుండానే జరగాలి. బురద, తుప్పు పట్టి అది తెగితే విద్యుత్తు యాక్సిలరేటరు తీగ వంటి సన్నని దారులు వెదుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టిన తరువాత ఆ తీగ తాకితే వేడిగా ఉన్నదంటే రహస్యం బయటపడినట్లే. గీకి శుభ్రం చేసి బిగించిన ఒక బోల్టుతో తీరిపోయే ఈ లోపానికి కొత్త బ్యాటరీలు కొన్నవారు ఉన్నారు. తీగలన్నీ సక్రమంగా ఉండి కూడా మోటారు మూలుగుతూనే ఉంటే అప్పుడు సెల్ఫ్ విప్పి కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు చూడడం న్యాయం.

చలితో పాటు మామిడికాలం కూడా ఈ లోపాన్ని బయటపెడుతుంది. చిత్తూరు జిల్లాలో తోతాపురి కాయ గుజ్జు కర్మాగారాలకు తరలే వారాలలో వాహనాలు గేట్ల ముందు బారులు తీరుతాయి. 2025 జూన్, జూలై నెలలలో ధర కుప్పకూలినప్పుడు ఆ బారులు మరీ పొడవయ్యాయి. వరుసలో నిలిచిన బండి స్టార్టయి, నాలుగడుగులు కదిలి, మళ్ళీ ఆగుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజను 3 సెకన్లలో అందుకుంటే, 250 ఆంపియర్ల లెక్కన బ్యాటరీ కోల్పోయేది 750 ఆంపియర్-సెకన్లు. నిదానంగా తిరిగే ఇంజను దగ్గర పాత డైనమో 10 ఆంపియర్లు ఇచ్చినా ఆ అప్పు నిమిషంన్నరలోపు తీరుతుంది. అదే బండి 20 సెకన్లు మొరాయిస్తే అప్పు 5,000 ఆంపియర్-సెకన్లు. తీర్చడానికి ఎనిమిది నిమిషాలకు పైగా కావాలి. వరుసలో ఇంజను ఒక్క నిమిషమే నడుస్తుంది. మధ్యాహ్నానికి బ్యాటరీ ఖాళీ. వరుసలో తన వంతు వచ్చినప్పుడు బండి కదలకపోతే వెనుకవారు ఆగరు.

రెండవ రకానికి వస్తే, ఇంజను చురుకుగా తిరుగుతున్నప్పుడు ఒకరు వెనుక నిలబడి సైలెన్సరు గొట్టం చూడాలి. పొగ బొత్తిగా రాకపోతే సిలిండర్లకు డీజిల్ చేరడం లేదు. తెల్లని పొగ దట్టంగా వస్తుంటే డీజిల్ చేరుతున్నది, అంటుకోవడం లేదు. ఈ ఒక్క పరిశీలన సగం పని తగ్గిస్తుంది.

పొగ రానప్పుడు మొదట చూడవలసినది ఇంజనును ఆపే తీగ. పాతబండ్లలో డ్యాష్‌బోర్డు కింద లాగి ఆపే నాబు ఉంటుంది. తీగ తుప్పుపట్టి పూర్తిగా వెనుకకు పోకపోతే పంపు డీజిలును విడువదు. అది సరిగా ఉంటే, ఇక అనుమానించవలసింది గొట్టాలలో చేరిన గాలిని. ట్యాంకు నుండి ఫీడు పంపు వరకు ఉన్న గొట్టంలో పంపు డీజిలును పీలుస్తూ ఉంటుంది. అక్కడ రబ్బరు గొట్టం పగిలినా, రాగి వాషరు నలిగినా, డీజిల్ బయటికి కారకపోవచ్చు. గాలి లోపలికి చొరబడుతుంది. రాత్రి బండి ఆగి ఉన్నప్పుడు ఆ సందు ద్వారా గాలి చేరి, గొట్టంలోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. ఉదయం సెల్ఫ్ చాలాసేపు తిరిగి ఆ ఖాళీని మళ్ళీ నింపాలి. ఫిల్టరు దగ్గరి హ్యాండు పంపును పదిసార్లు నొక్కితే వెంటనే స్టార్టయ్యే బండికి ఉన్న జబ్బు ఇదేనని దాదాపు నిశ్చయించవచ్చు. ఫిల్టరుకు ముందు ఒక జానెడు పారదర్శక గొట్టాన్ని తాత్కాలికంగా అమర్చితే ప్రవహించే బుడగలు కంటికే కనబడతాయి.

మిట్టమీద నిలపడమనే ఉపాయం వెనుక మరొక సంగతి ఉంది. పికప్‌లో ట్యాంకు ఇంజనుకు వెనుకగా, కిందగా ఉంటుంది. ముందుభాగం పల్లానికి ఉండేలా బండిని నిలిపితే ట్యాంకు కొంత పైకి లేస్తుంది. గాలి దూరే సందు ఉన్నా డీజిల్ వెనుకకు జారడం తగ్గుతుంది. మిట్టమీద ఉన్న బండి ఒకనాడు దొర్లించకుండానే పలికిందంటే అందుకు ఇదే కారణం కావచ్చు. అదే బండి చదునులోనో, ముందుభాగం ఎత్తుకు ఉండేలాగానో నిలిపిన మరునాడు మొరాయిస్తుంది. కాబట్టి బండి ఏ ఉదయం పలికింది, ఏ ఉదయం పలకలేదు అన్నదానితో పాటు ముందురాత్రి ఎక్కడ నిలిపారన్నది కూడా మెకానిక్కుకు చెప్పాలి.

తెల్లపొగ వచ్చే బండిలో లోపించింది వేడి. ఇంజనును బట్టి హీటర్ ప్లగ్గులు ఉంటాయి, ఉండవు. డీజిలును నేరుగా సిలిండరులోకి చిమ్మే పాత ఇంజన్లలో చాలావాటికి మన వాతావరణంలో వాటి అవసరం లేదు. చిన్న ఉపగదిలోకి చిమ్మే ఇంజన్లకు మాత్రం అవి తప్పనిసరి. ఉన్నచోట, వాటిని కలిపే పట్టీ విప్పి ఒక్కొక్క ప్లగ్గు నిరోధాన్ని కొలిస్తే చాలు. బాగున్నది సుమారు ఒక ఓమ్ లేదా అంతకంటే తక్కువ చూపుతుంది. కాలిపోయినది అసలు దారి ఇవ్వదు. నాలుగింటిలో రెండు కాలిపోయిన బండి రెండు సిలిండర్ల మీద వణుకుతూ లేచి, తెల్లపొగ చిమ్మి, కొన్ని నిమిషాలకు సర్దుకుంటుంది.

ప్లగ్గులు బాగుంటే టాపెట్ల సందులు చూడాలి. సందు మూసుకుపోతే వాల్వు పూర్తిగా మూతపడక గాలి తప్పించుకుంటుంది. అది ఒక పూటలో తీరే పని. నాజిళ్ళను పరీక్ష యంత్రంమీద పెట్టి, తుంపరకు బదులు ధారగా చిమ్ముతున్నాయేమో చూపించుకోవాలి. ఇవన్నీ అయిన తరువాత కంప్రెషన్ కొలవడం. నడుస్తున్న ఇంజను ఆయిలు మూత తీస్తే పొగ దట్టంగా తన్నుకొస్తుంటే రింగులు అరిగిన గుర్తు. అది ఇంజను దించే ఖర్చు కనుక అన్నింటికంటే చివరకు రావాలి. తొందరలో కొందరు గాలి గొట్టం దగ్గర నూనెగుడ్డ కాల్చి, లేదా ఈథర్ స్ప్రే కొట్టి ఇంజనును లేపుతారు. హీటర్ ప్లగ్గులున్న ఇంజనులో ఈథర్ వేళకాని వేళ పేలి పిస్టన్లను పగులగొట్టగలదు. గుడ్డమంట బండిని అంటించగలదు.

ఇంతవరకు చెప్పినది చలిలో మొరాయించే బండి కథ. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తునున్న మదనపల్లెలో వేకువన చక్కగా లేచిన బండి, పీలేరు దాటి, భాకరాపేట ఘాటు దిగి, తిరుపతి ఎండలో సరుకు దించి, అరగంట ఆగిన తరువాత లేవకపోవడం కూడా ఉంది. బ్యాటరీ బాగుంటుంది, ఇంజను చురుకుగా తిరుగుతుంది, పొగ మాత్రం రాదు. గాలి దూరిన బండి చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తే, ఇది వేడిగా ఉన్నప్పుడే మొరాయిస్తుంది. వేడికి డీజిల్ పలచబడుతుంది. పంపులోని భాగాలు వెంట్రుకకంటే సన్నని సందుతో ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. దుమ్ము వలన, నీరు చేరడం వలన, కిరోసిన్ కల్తీ వలన ఆ సందు పెరిగితే పలచబడిన డీజిల్ నాజిలుకు పోక పంపులోపలే జారిపోతుంది. ఇంజను వేగంగా నడిచేటప్పుడు ఈ కారుడు లెక్కలోకి రాదు. స్టార్టు చేసేటప్పటి నిదానంలో అదే సర్వస్వం.

అనుభవజ్ఞులైన మెకానిక్కులు ఈ అనుమానాన్ని తీర్చుకొనడానికి పంపును విప్పరు. ఒక గోనెపట్టాను నీటిలో తడిపి పంపుమీద కప్పి, పావుగంట ఆగి తాళం తిప్పుతారు. ఇంజను అందుకుంటే పంపు అరిగిందన్నమాట. అప్పుడు దానిని దించి, క్యాలిబ్రేషన్ చేసే దుకాణానికి పంపి, హెడ్డు మార్పించుకోవాలి. సరుకు దించే చోట్లలో పంపుమీద తడి గోనెపట్టాతో నిలిచిన పాత పికప్ కనబడితే, దాని డ్రైవరు ఆ ఖర్చుకు ఇంకా డబ్బు కూడబెట్టుకుంటున్నాడని తెలుసుకోవచ్చు.